లంక గడ్డిలో రెండు పురుగులు, పిల్లలకి అవి ఇచ్చే ఆస్తి

(గోదావరి లంక గ్రామంలో రైతులు, పశువులున్నవాళ్ళు, హైస్కూలు పిల్లలు కూర్చున్న సాయంత్రం సభలో రిటైరైన జువాలజీ లెక్చరర్ ఒకాయన మాట్లాడారు. రికార్డింగు విని ఉన్నదున్నట్టు రాసిన పాఠం.)

వెనకాలకి వినబడతందాండి? ఆయ్. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, గాలంతా మైకులోకే కొడతంది.

అందరికీ నమస్కారమండి. ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన నాతో అన్నారు, మాస్టారూ పురుగులంటే ఏ మందు కొట్టాలో చెప్పండి చాలు, మిగతా పురాణం మాకెందుకూ అని. మందు గురించి కూడా చెప్తానండి, కానీ అది చేలో కొట్టే మందు కాదు, మీ గేదెకి పొడిపించే ఇంజెక్షను. అక్కడికి వెళ్ళాలంటే ముందు రెండు పురుగులతో మీకు పరిచయం అవ్వాలి. ఒకటి పేడపురుగు. రెండోది తెల్లటి రెక్కల మీద ఎర్ర చుక్కలూ నల్ల చుక్కలూ ఉండే చిన్న రెక్కలపురుగు, సీతాకోకచిలక అనుకుంటారు చాలామంది, కాదు. శాస్త్రం పేరు యూటెథీసా పుల్కెల్లా, 1758లో లిన్నేయస్ దాన్ని పుస్తకానికెక్కించాడు. పిల్లలూ, పేరు రాసుకోకపోయినా పర్లేదమ్మా, చూస్తే గుర్తుపడితే చాలు.

రేపు పొద్దున్న ఏటిగట్టు దిగి లంకలోకి వెళ్ళండి. రెల్లు గుబురుగా ఎత్తుగా ఉన్న చోటికి కాదు, పశువులు మేసి మేసి పొట్టిగా అయిపోయిన గడ్డి ఉంటది చూశారా, గరికా తుంగా కలిసి, మధ్యమధ్యలో పసుపుపచ్చ పూల గిలక్కాయల మొక్కలుంటాయి, ఎండిన కాయ ఊపితే గలగలమంటాయి, అక్కడ. నడుస్తుంటే మీ కాళ్ళ దగ్గర్నుంచి తెల్లగా ఒకటి ఎగిరి, నాలుగు గజాలు అటూ ఇటూ తడబడుతూ పోయి, మళ్ళీ గడ్డిలో దూరిపోద్ది. ఎక్కడ వాలిందో కళ్ళతో పట్టుకుని మెల్లగా దగ్గరికి వెళ్ళారనుకోండి, రెక్కలు ఒంటికి చుట్టేసుకుని సన్నగా పుల్లకి అంటుకుని ఉంటది, కదలదు. అదే మన రెండోది. మొదటిదానికి అంత వెతుకులాట అక్కర్లేదు, అదే చోట ఆవు పేడ వేసి అరగంటయినా కాకముందే పేడ మీద బొక్కలు పడతాయి, పక్కన కొత్త మట్టి చిన్న కుప్పగా లేస్తది, పుల్లతో పేడ పక్కకి తోస్తే కింద సొరంగాలు.

అంటే రెండూ ఒకే గడ్డిలో, రెండడుగుల దూరంలో బతుకుతున్నాయండి. ఒకటి గడ్డి తిన్న పశువు వెనకాల పడేసింది తింటది, ఇంకోటి పశువు తినకూడదని వదిలేసిన మొక్కని తింటది. అక్కడే వాటి దారులు వేరయిపోయాయి.

ఒంటి తీరు గురించి గబగబా చెప్పేస్తాను, ఇది టెన్త్ పుస్తకంలోదే. పేడపురుగుకి ముందు రెక్కలు గట్టిపడి మూత అయిపోయాయి, ఎగిరే రెక్కలు ఆ మూత కింద మడతపెట్టి ఉంటాయి, మట్టిలో దూరినా చిరగవు. రెక్కలపురుగు రెక్కల మీద పొలుసులుంటాయి, పట్టుకుంటే వేళ్ళకి పొడి అంటుకుంటది, అది మట్టిలో తవ్వలేదు, దానికి తవ్వాల్సిన అవసరమూ లేదు. గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు, ఈ నాలుగు దశలూ ఇద్దరికీ ఉన్నాయి. అయిపోయింది. ఇక అసలు సంగతి, పిల్లలకి ఏం ఇచ్చి పోతాయనేది. మనకి ఆస్తి గొడవలు బాగా తెలుసు కదండీ, కాబట్టి అలాగే మాట్లాడుకుందాం. (నవ్వులు)

ముందు పేడపురుగు.

పేడ తినే పురుగుల్లో మూడు రకాల కాపురాలున్నాయండి. కొన్ని పేడని ఉండ చేసి దొర్లించుకుని దూరంగా తీసుకెళ్ళి పాతేస్తాయి, టీవీలో చూపించేవి ఎక్కువ ఇవే. కొన్ని పేడకుప్పలోనే మకాం పెట్టేస్తాయి. మూడో రకం పేడ కిందనే నిట్టనిలువునా సొరంగం తవ్వి, పేడని కొంచెం కొంచెం కిందకి దించుకుంటాయి. మన లంకల్లో పుల్లతో తిరగేస్తే ఎక్కువగా దొరికేవి ఈ సొరంగం బాపతు, ఆంథోఫేగస్ అనే జాతివి, పెసర గింజంత నుంచి బఠాణీ గింజంత వరకు. పెద్దవీ ఉన్నాయి, అంగుళం దాటి నల్లగా నిగనిగలాడతా, వానాకాలం రాత్రి వీధి లైటుకి వచ్చి గోడకి టప్పున కొట్టుకుని వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటాయి చూడండి, వాటిల్లో కాథార్సియస్ అనే పేడపురుగులు ఉంటాయి. అన్నీ కావు, కొమ్ముపురుగు కూడా అలాగే వచ్చి పడద్ది, దాని సంగతి తర్వాత.

ఆడపురుగు ఏం చేస్తదంటే, సొరంగం అడుక్కి పేడ దించి, గట్టిగా కూరి, చిన్న ముద్ద చేసి, దాంట్లో చిన్న గది వదిలి ఒక్క గుడ్డు పెడద్ది. ఒక ముద్దకి ఒక్క గుడ్డే. మూసేసి, మళ్ళీ పైకెళ్ళి పేడ తెచ్చి ఇంకో ముద్ద. కష్టం చూడండి, అందుకే దాని జీవితం మొత్తంలో పెట్టే గుడ్లు పదుల్లోనే ఉంటాయి, పెద్ద రకాల్లో అయితే ఇంకా తక్కువ. లోపల పిల్ల పుట్టాక దానికి బయటికొచ్చి తిండి వెతుక్కునే పని లేదు, కాళ్ళున్నా ఎక్కడికీ పోదు, తన చుట్టూ ఉన్న గోడనే తింటా పెరిగి, అందులోనే ప్యూపా అయ్యి, రెక్కలొచ్చాకే బయటపడద్ది. ఇల్లూ అదే, గాదే అదే. అమ్మ ఎంత కూరి పెట్టిందో అంతే, మారు వడ్డన లేదు.

ఇందులో ఇంకో చిత్రం ఉందండి, గుడ్డు పెట్టే ముందు ఆ గదిలో తల్లి తన సొంత మలం చిన్న దిమ్మెలా పెట్టి దాని మీద గుడ్డు నిలబెడద్ది. అసహ్యంగా ఉందా? పిల్ల పుట్టగానే మొదట తినేది అదే. ఎందుకంటే గేదె గరికని, ఎండుగడ్డిని నాలుగు గదుల పొట్టలో అరిగించి వదిలాక మిగిలింది పీచే, దాన్ని ఇంకా అరిగించుకోవాలంటే కడుపులో తగిన సూక్ష్మజీవులుండాలి, ఆ తోడు తల్లి కడుపులోంచి రావాలి. అది లేకుండా పెంచి చూశారు శాస్త్రవేత్తలు, పిల్లలు సరిగ్గా ఎదగలేదు. కాబట్టి ఆ తల్లి ఇచ్చే ఆస్తిలో ఇల్లు, తిండి, కడుపులో తోడు మూడూ ఉన్నాయి.

(సభలోంచి ఒకరు: మరి మగపురుగు ఏం చేస్తదండి?)

ఆ, అడిగారు. ఈ ఆంథోఫేగస్‌ల్లో చాలా రకాల్లో మగవాటికి కొమ్ములుంటాయండి, కానీ అందరికీ కాదు. అదే తల్లి పిల్లల్లో ఒకడికి పెద్ద కొమ్ములు, ఇంకోడికి అసలు లేనట్టే. మొదట్లో ఇవి రెండు వేరువేరు రకాలేమో అనిపిస్తది చూస్తే. తేడా ఎక్కడొచ్చిందంటే ముద్దలో! తల్లి పెట్టిన ముద్ద పెద్దదై, పేడ మంచిదైతే పిల్ల బాగా ఒళ్ళు చేస్తాడు, ఒక హద్దు దాటి ఒళ్ళు చేస్తే కొమ్ములొస్తాయి, హద్దు దాటకపోతే రావు. కొమ్ములున్నోడు సొరంగం గుమ్మంలో నిలబడి ఇంకో మగవాడు రాకుండా కాపలా కాస్తాడు, కొన్ని రకాల్లో పెళ్ళానికి పేడ దించడంలో సాయం కూడా చేస్తాడు. ఆంథోఫేగస్ టారస్ అనే రకంలో 2010లో రాబ్ నెల్, లీ సిమన్స్ అనే ఇద్దరు కొలిచారు, బలమైన మగపురుగు తన బరువుకి 1,141 రెట్లు లాగింది. జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళు వినండి. ఇక కొమ్ముల్లేనోడు ఊరుకుంటాడా, పక్క నుంచి వేరే బొక్క తవ్వుకుని దొడ్డిదారిన వెళ్ళి పని కానిచ్చుకుని వచ్చేస్తాడు. (నవ్వులు) వాడి లెక్క వాడిదండి, వాడి వంశమూ నిలబడతంది.

ఇక్కడ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, చిన్నప్పుడు తిన్న తిండి మగవాడి ఒంటి మీద గుర్తుగా బయటపడి, వాడి పెళ్ళి సంగతి తేలుస్తంది. ఇదే మాట రెక్కలపురుగు దగ్గర మళ్ళీ వస్తది.

ఉండలు దొర్లించేవాటి గురించి చెప్పకపోతే పిల్లలు ఒప్పుకోరు, మన లంక కథ కాకపోయినా చెప్పేస్తాను. దక్షిణాఫ్రికాలో స్కారబేయస్ సాటిరస్ అని ఒకటుంది, రాత్రిపూట ఉండ దొర్లిస్తది. పేడ దగ్గర మిగతా పురుగులు ఉండని లాక్కుంటాయి కాబట్టి వీలైనంత తిన్నగా, తొందరగా దూరం పోవాలి, ఒంకర తిరిగితే మళ్ళీ కుప్ప దగ్గరికే వచ్చేస్తది. చంద్రుడు లేని రాత్రి కూడా తిన్నగా ఎలా పోతందా అని మరీ డాకే అనే స్వీడన్ శాస్త్రవేత్తా ఆవిడ జట్టూ వాటికి అట్టముక్కతో చిన్న టోపీలు పెట్టి చూశారు, ఆకాశం కనబడకపోయేసరికి దారి తప్పాయి. తర్వాత జోహానెస్‌బర్గ్‌లో ప్లానెటేరియంకి తీసుకెళ్ళి నక్షత్రాలు వేసి చూపించారు, పాలపుంత ఒక్కటి వేసి చూపించినా తిన్నగా నడిచాయి. 2013లో ఆ పేపరు వచ్చింది. ఆ ఏడాదే దీనికి ఇగ్ నోబెల్ అని నవ్వించే ప్రైజు కూడా ఇచ్చారు, నాకైతే అసలు ప్రైజు ఇచ్చినా తప్పులేదనిపిస్తది.

సరే, రెక్కలపురుగు దగ్గరికి రండి.

మీలో జనుం వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదండీ, సార్వా ఊడుపులకి ముందు పచ్చిరొట్టకనో, దాళ్వా లేని చేలో పశువుల మేతకనో. జనుం, ఇందాకటి గిలక్కాయల మొక్క, రెండూ ఒకే జాతి, క్రోటలేరియా. జనుం కాయల్లో నల్లగా, తెల్ల గీతలూ నారింజరంగు మచ్చలూ ఉండి, పైన పల్చగా వెంట్రుకలున్న పురుగు కనబడితే, ఆకులు తిని కాయకి కన్నం పెట్టి గింజ తింటంటే, అదే మన ఎర్రచుక్కలదాని పిల్ల. ఆ మొక్కల్లో, ముఖ్యంగా గింజల్లో, పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్స్ అనే విషం ఉంటది. పశువు ఎక్కువ తింటే లివరు పాడవుద్ది, అందుకే మన పెద్దలు జనుం మేతని గడ్డిలో కలిపి కొంచెమే వేసేవారు, వట్టి జనుం పెట్టేవారు కాదు. తేలు తోకలా వంకర తిరిగిన పూలగుత్తి ఉండే మొక్క గట్ల మీద ఉంటది, హీలియోట్రోపియం, దాంట్లోనూ అదే జాతి విషం, ఈ పురుగు పిల్లలు దాన్నీ తింటాయి.

ఇంకెవరైనా అయితే చస్తారు. ఇది చావదు సరికదా, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటది. గొంగళిపురుగుగా తిన్నది ప్యూపాలో ఉంటది, రెక్కలొచ్చాక కూడా ఉంటది. అందుకే అంత తెల్లగా, ఎర్రచుక్కలతో కనబడతా పగలు ధైర్యంగా తిరుగుతది, దాక్కోవాల్సిన రంగు వేసుకోలేదు, నన్ను తినకండి అని బోర్డు పెట్టుకుంది.

దీని దగ్గరి చుట్టం ఒకటి అమెరికాలో ఉందండి, యూటెథీసా ఆర్నాట్రిక్స్, అదీ క్రోటలేరియానే తింటది. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్వాల్డ్ అని ఇద్దరు, ఒకాయన పురుగుల మనిషి, ఒకాయన కెమిస్ట్రీ మనిషి, ఏళ్ళ తరబడి దీని వెంట పడ్డారు. కాబట్టి ఇక నేను చెప్పేది ఆ అమెరికా చుట్టం మీద తేలిన సంగతులు, మన దాని మీద అంత పని జరగలేదు. ఆ పురుగు పెద్ద సాలెగూట్లో పడిందనుకోండి. సాలీడు పరిగెత్తుకొస్తది, ముట్టుకుని చూస్తది, తర్వాత ఏం చేస్తదంటే, ఒక్కొక్క దారం తెంపి దాన్ని వదిలేస్తది! తినకపోవడం ఒక ఎత్తు, కష్టపడి దారాలు కోసి పంపించెయ్యడం ఒక ఎత్తు. అదే పురుగుని ఆ విషం లేని తిండి పెట్టి పెంచి అదే గూట్లో వేస్తే శుభ్రంగా తినేసింది. రంగు అదే, చుక్కలు అవే, లోపల సరుకు లేదు, అంతే తేడా.

ఇప్పుడు పెళ్ళి. మగదాని పొట్ట చివర రెండు కుచ్చులుంటాయి, ఆడదాని దగ్గరికొచ్చి వాటిని బయటికి తీసి వాసన చూపిస్తాడు. ఆ వాసన తయారయ్యేది కూడా ఆ విషంలోంచే. ఒంట్లో విషం ఎక్కువున్నోడికి వాసన ఎక్కువ. ఆడది వాసన చూసి ఒప్పుకుంటది, లేకపోతే లేదు. ఎందుకా పట్టింపు అంటే, కలిసినప్పుడు మగాడు వీర్యంతో పాటు ఆ విషంలో కొంత కూడా ఆమెకిస్తాడు. ఆమె తన దగ్గరున్నదీ, వాడిచ్చిందీ కలిపి గుడ్లలోకి పంపిస్తది. ఆ గుడ్ల జోలికి చీమలు, అక్షింతల పురుగులు రావు. చూశారా, పేడపురుగు మగాడు చిన్నప్పటి తిండిని కొమ్ముగా చూపించాడు, వీడు వాసనగా చూపిస్తున్నాడు. కొమ్ము చూపించి గుమ్మం కాస్తాడు వాడు. వీడు గుమ్మం గిమ్మం ఏమీ కాయడు, చేతిలో ఉన్నది ఇచ్చేసి పోతాడు. ఇద్దరిలో ఎవరు మంచి తండ్రి అంటే నేను తీర్పు చెప్పను, ఇక్కడ కోడళ్ళు కూర్చున్నారు. (నవ్వులు)

కానీ ఈ సంసారంలో ఒక చెడ్డ సంగతి కూడా ఉందండోయ్. విషం సరిపోని పిల్లలు ఏం చేస్తాయంటే, విషం ఉన్న గుడ్లనే తినేస్తాయి, తన జాతివే. ఆకలికి కాదు, సరుకు కోసం. అంటే తల్లి రక్షణకని పెట్టిందే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తది. ఆస్తి ఉన్న చోట ఆ గొడవ ఎక్కడైనా ఉండేదే.

ఇంకోటి, ఈ విషం మీద ఆశ ఒక్క దీనికే కాదు. గట్ల మీద ఎండిపోయిన గిలక్కాయల మొక్కకి, ఆ వంకర పూలగుత్తి మొక్కకి నీలం చారల సీతాకోకచిలకలు గుత్తులు గుత్తులుగా వేలాడతా ఉంటాయి చూశారా, పువ్వు లేదు, తేనె లేదు, ఏం తింటున్నాయా అనుకుంటాం. అవీ ఈ సరుకు కోసమే వచ్చాయి, ఎక్కువ మగవే ఉంటాయి, కారణం మీకిప్పుడు తెలుసు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పైకి కనబడేది ఏంటంటే ఒకటి కొద్ది గుడ్లు పెట్టి ఒక్కోదానికీ ఇల్లు కట్టిస్తది, ఇంకోటి వందల్లో గుడ్లు పెట్టి జేబులో కొంచెం విషం వేసి వదిలేస్తది, మీ తిండి మీరు చూసుకోండ్రా అని. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది వేరే. రెక్కలపురుగు ఆస్తి ఒంట్లో ఉంటది. ఎక్కడికి ఎగిరితే అక్కడికి వస్తది. మన యూటెథీసా మామూలు ప్రయాణీకురాలు కాదు, చూడ్డానికి నాలుగు గజాలకే తడబడినట్టుంటది కానీ, మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇంగ్లండు దాకా గాలివాటున వెళ్ళిపోయిన రికార్డులు చాలా ఉన్నాయి. ఇక్కడ లంక దున్నేసి అరటి వేశారనుకోండి, పక్క గట్టు మీద గిలక్కాయల మొక్క నాలుగున్నా చాలు దానికి. పేడపురుగు ఆస్తి అలా కాదు. అది బయట ఉంది, తడి ఆరకముందే అందుకోవాలి, రోజూ కొత్తది పడాలి. అది పడేది మన పశువు నుంచి. అంటే ఆ పురుగు పిల్లలకి రాసే వీలునామాలో సాక్షి సంతకం మనది.

పొద్దుటి నుంచీ పశువుని షెడ్డులో కట్టేసి, పేడ ఎత్తి గుంటలో వేస్తే లంకలో పేడ ఉండదు, పురుగుండదు. అది బతుకుతెరువు, నేను తప్పు పట్టను. పిడకలకి ఏరుకెళ్ళడం కూడా ఎప్పటి నుంచో ఉన్నదే, భోగి దండలకి చిన్నచిన్న పిడకలు చెయ్యడానికి పిల్లలు పేడ కోసం పోట్లాడుకోవడం మనకి తెలియందా. దానివల్ల పురుగు పోలేదు. లంకలు తగ్గాయి, మేత బీడు తగ్గింది, కొన్ని చోట్ల రొయ్యల చెరువులొచ్చాయి, అది నిజమే. కానీ పేడ ఉన్నా పురుగు లేని పరిస్థితి ఒకటుంది, అది అన్నిటికంటే చెడ్డది.

పేడపురుగు లేకపోతే ఏమవుద్దో ఆస్ట్రేలియా వాళ్ళని అడగాలండి. 1788లో ఇంగ్లీషువాళ్ళు ఓడల్లో అక్కడికి ఆవుల్ని తీసుకెళ్ళారు. అక్కడి పేడపురుగులకి కంగారూ వేసే ఎండు గుళికలే అలవాటు, ఆవు పేడని చూసి ఏం చెయ్యాలో వాటికి తెలీలేదు. ఆవు రోజుకి పది పన్నెండు సార్లు వేస్తది, అలా లక్షల ఆవులు. పేడ వేసింది వేసినట్టే ఎండి అప్పచ్చిలా నెలలకి నెలలు పడి ఉండేది, దాని కింద గడ్డి మొలవదు, చుట్టూ మొలిచింది ఆవు ముట్టదు. ఆ పేడలో ఈగలు పుట్టి, జనం నోరు తెరిచి మాట్లాడలేని పరిస్థితి. హంగరీ నుంచి వలసొచ్చిన జార్జ్ బోర్నెమిస్సా అనే ఆయన మా దేశంలో పేడ ఇలా ఉండదే, పురుగులు తీసుకుపోతాయి కదా అని గమనించి, వాళ్ళ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ చేత ప్రాజెక్టు మొదలుపెట్టించాడు. 1965లో మొదలై, 1968లో మొదటి పురుగుల్ని వదిలి, ఆఫ్రికా నుంచీ యూరప్ నుంచీ రకరకాలవి తెచ్చి, ఇరవైకి పైగా రకాలు అక్కడ నిలదొక్కుకున్నాయి. ఒక దేశం డబ్బులు పెట్టి పేడపురుగుల్ని దిగుమతి చేసుకుందండి. మనకి ఊరికే ఉన్నాయి కాబట్టి లెక్క లేదు. పేడ పైన ఎండితే దాంట్లో నత్రజని గాల్లో కలిసిపోద్ది, కిందకి దించితే గడ్డి వేళ్ళకి అందుద్ది, ఆ సొరంగాల్లోంచి వాననీరు దిగుద్ది, పేడలో ఉన్న కడుపు పురుగుల గుడ్లు, ఈగ పిల్లలు తగ్గుతాయి. యూరియా బస్తా ధర మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మందు దగ్గరికొచ్చాం. ఐవర్మెక్టిన్. చాలా గొప్ప మందండి, దాన్ని కనిపెట్టినందుకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకి 2015లో నోబెల్ ఇచ్చారు, చూపు పోగొట్టే పురుగుల జబ్బు నుంచి మనుషుల్ని కూడా కాపాడింది. పశువుకి ఇంజెక్షన్ ఇస్తే కడుపులో పురుగులు, పిడుదులు, గజ్జి అన్నీ పోతాయి. కానీ ఆ మందు ఒంట్లో అరిగిపోదు, చాలావరకు పేడలోనే బయటికొస్తది, రెండు మూడు వారాల పాటు వస్తానే ఉంటది. పేడ చూడ్డానికి మామూలుగానే ఉంటది. పేడపురుగు మామూలుగానే వస్తది, సొరంగం తవ్వుద్ది, ముద్ద చేస్తది, గుడ్డు పెడద్ది, మూసేస్తది. లోపల పిల్ల చస్తది. తల్లికి తెలీదు, ఇంకో ముద్ద చేస్తది. 1987లో ఇంగ్లండులో వాల్, స్ట్రాంగ్ అనే ఇద్దరు ఈ మందు పడ్డ పశువుల పేడ మామూలు పేడలా కలిసిపోకుండా అలాగే నిలబడిపోయిందని చూపించారు.

చూడండి తమాషా, గిలక్కాయ మొక్క విషాన్ని రెక్కలపురుగు పిల్లకి కవచంగా ఇచ్చింది. మనం ఇచ్చిన విషాన్ని పేడపురుగు తెలియకుండా పిల్లకి అన్నంగా పెట్టింది.

మందు మానెయ్యమని నేననట్లేదు. పశువుకి నిజంగా పిడుదులో గజ్జో ఉంటే వెయ్యాల్సిందే. నేను చెప్పేది మూడు ముక్కలండి. ఊళ్ళో పశువులన్నిటికీ ఒకే రోజు పొడిపించెయ్యకండి, డాక్టరుగారిని అడిగి అవసరమున్నదానికే వేయించండి, అప్పుడు మిగతా పశువుల పేడ పురుగులకి ఉంటది. కడుపులో పురుగులకి మాత్రమే అయితే ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ లాంటివి సరిపోతాయేమో కనుక్కోండి, వాటివల్ల పేడపురుగుకి హాని చాలా తక్కువ. ఇంజెక్షన్ వేసిన పశువుని ఆ రెండు మూడు వారాలు లంకకి తోలకుండా ఇంటి దగ్గర కట్టుకుని, పేడ గుంటలో వేసుకోండి. వీపు మీద పోసే డెల్టామెత్రిన్ లాంటి పిడుదుల మందుల్తోనూ ఇదే జాగ్రత్త.

ఆ, అడగండి.

(ఒక రైతు: మాస్టారూ, పేడపురుగు మంచిదంటున్నారు, మా కొబ్బరికి మొవ్వు కొరికేసేది ఇదే కదండీ? పెంటకుప్పలో తెల్లగా లావుగా దొరుకుతాయి.)

కాదండి, అది కొమ్ముపురుగు, ఓరిక్టెస్ రైనోసెరస్, దీనికి చుట్టమే కానీ పని వేరు. దానికి కావాల్సింది తాజా పేడ కాదు, కుళ్ళిన పెంట, కుళ్ళిన కొబ్బరి మొద్దు. మీ పెంటకుప్పలో బొటనవేలంత లావున, చుట్ట చుట్టుకుని ఉండే తెల్ల పురుగులు చాలావరకు దాని పిల్లలే, అవి ఏరి చంపెయ్యండి, మొహమాటం వద్దు. మెటరైజియం అని ఆకుపచ్చ బూజు ఉంది, పెంటకుప్పలో కలిపితే వాటికి జబ్బు చేసి పోతాయి, అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రంలో అడిగితే చెప్తారు. పేడపురుగు పిల్ల మీకు పెంటకుప్పలో అలా విడిగా దొరకదు, బీడులో మట్టి కింద ముద్దలో ఉంటది.

(ఒక అమ్మాయి: సార్, ఆ ఎర్రచుక్కల పురుగుని పట్టుకుంటే మనకి విషం ఎక్కుద్దా?)

ఎక్కదమ్మా. తింటేనే. తినకు. (నవ్వులు) పట్టుకుంటే రెక్క పొడి పోద్ది దానికి, పాపం, అందుకని పట్టుకోకుండా సెల్‌లో ఫోటో తీసుకో.

(ఇంకో రైతు: మరి జనుంలో అది పడితే మందు కొట్టొద్దంటారా?)

ఎందుకేశారు జనుం? పచ్చిరొట్టకా? అయితే పూత టైముకి, నలభై ఐదు రోజులకి అటూ ఇటూగా కలియదున్నేస్తారు కదండీ, నాలుగు ఆకులు పురుగు తింటే ఏం పోయింది, అదీ ఆ మట్టిలోకే. మందు డబ్బులు దండగ. విత్తనానికి వేస్తే మాత్రం వేరే లెక్క, అప్పుడది కాయలోకి దూరి గింజే తింటది కాబట్టి కాపాడుకోవాలి, పూతప్పటి నుంచి రోజూ ఓసారి చేలో తిరిగి నల్లపురుగులు కనబడితే చేత్తో ఏరించండి, అవి దాక్కోవు, కొట్టొచ్చినట్టు కనబడతాయి, ఎకరం చేనుకి ఇద్దరు మనుషులు చాలు. మేతకైతే ముదరనివ్వకుండా కాయ కట్టకముందే కోసి, ఎండుగడ్డిలో కలిపి వెయ్యండి, పురుగు కోసం కాదు, మీ గేదె లివరు కోసం.

ఇంకెవరన్నా ఉన్నారా? లేకపోతే ఆ లైటు గోడ దగ్గర ఇందాకట్నుంచీ ఏదో టపటపా పడతంది, ఎవరో కుర్రాడు వెళ్ళి పట్రండి, కొమ్ముందో లేదో చూద్దాం.